పసిబిడ్డతో పరాయి దేశపు టాక్సీలో

గోదావరి డెల్టాలో విదేశీ ప్రయాణం కొత్త సంగతి కాదు. రాజోలు, అమలాపురం, రావులపాలెం, నరసాపురం, తాడేపల్లిగూడెం, రాజమండ్రి - ఏ ఊరిలోనైనా జుమా నమాజు తరువాత మస్జిదు వాకిట నిలబడి విచారిస్తే, గల్ఫులో కొడుకో, అల్లుడో, తమ్ముడో ఉన్న ఇళ్ళు ఎన్నో కనబడతాయి. ఒకప్పుడు మగవారు మాత్రమే వెళ్ళి రెండేళ్ళకోసారి వచ్చేవారు. ఇప్పుడు కుటుంబాలు కూడా వెళుతున్నాయి. తొలి కాన్పు పుట్టింట్లో జరగడం మన ఆనవాయితీ కనుక, భర్త వద్దకు బయలుదేరే ఆడపిల్ల చేతిలో మూడు నెలలదో, ఆరు నెలలదో పసిబిడ్డ ఉండడం కూడా మామూలైపోయింది.

ఈ ప్రయాణానికి మనం చేసే ఏర్పాట్లు తక్కువేమీ కాదు. బిడ్డ జనన ధ్రువపత్రం, పాస్‌పోర్టు, వీసా, టీకాల కార్డు, పాలపొడి, జ్వరం మందు, మెత్తని పాత చీరతో కుట్టిన బొంత - అన్నీ ఒక జాబితా రాసుకుని మరీ సర్దుతాము. విమానంలో బిడ్డకు ఉయ్యాల దొరుకుతుందా అని పదిమందిని అడుగుతాము. కాని విమానం దిగిన తరువాత, అక్కడి టాక్సీలో బిడ్డ దేనిలో కూర్చుంటుంది? ఈ ప్రశ్న మాత్రం ఎవరికీ తట్టదు. మాకు కూడా తట్టలేదు. అందుకే ఈ నెల ఈ శీర్షికలో, కొంత సిగ్గుతోనే, మా ఇంటి సంగతితో మొదలుపెడుతున్నాము.

మా ఇంటి సంగతి

కొన్నేళ్ళ క్రితం మా చిన్నమ్మాయిని, ఐదు నెలల మనవణ్ణి షార్జాలో ఉన్న అల్లుడి ఇంటికి దిగబెట్టడానికి మేమిద్దరం వెంట వెళ్ళాము. ప్రయాణానికి పది రోజుల ముందు అల్లుడు ఫోనులో, బిడ్డకు కారు సీటు సంగతి ఏం చేద్దామని అడిగాడు కూడా. "అరగంట దారే కదా బేటా, తల్లి ఒడిని మించిన చోటెక్కడ?" అని మేమే ఆ మాటను కొట్టిపారేశాము. పెద్దలు చెప్పారు కనుక అతడు మళ్ళీ అడగలేదు.

దుబాయి విమానాశ్రయంలో దిగేసరికి రాత్రి బాగా పొద్దుపోయింది. టాక్సీలో అల్లుడు ముందు కూర్చున్నాడు. వెనుక మధ్యలో మా అమ్మాయి, అటూ ఇటూ మేము. బిడ్డ ఆమె ఒడిలో నిద్రపోతున్నాడు. రెండు రోజులుగా కంటిమీద కునుకు లేని ఆ పిల్లకు కూడా కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇంతలో పక్క వరుసలోని కారు ఒకటి హఠాత్తుగా ముందుకు అడ్డం వచ్చింది. మా డ్రైవరు బ్రేకు తొక్కాడు. అతని తప్పేమీ లేదు, వేగం కూడా ఎక్కువ కాదు, కారు దేనికీ తగలలేదు. కాని బిడ్డ ఆమె చేతుల నుంచి జారి, ముందు సీటు వీపుకు తల తగిలి, మా కాళ్ళ మధ్య పడ్డాడు.

ఆ తరువాతి రాత్రంతా ఆసుపత్రిలో గడిచింది. నుదుటిపై వాపు తప్ప మరేమీ లేదని తెల్లవారాక డాక్టరు చెప్పేవరకు మేము ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. రాత్రి బిడ్డను చేతిలోకి తీసుకున్న నర్సు అడిగింది ఒకే మాట: "సీటు ఏదమ్మా?" ఆమె గొంతులో కోపం లేదు. ఫారంలో ఒక గడి నింపడానికి అడిగిన మాట అది. మా వద్ద జవాబు లేదు.

మర్నాడు ఇంటికి చేరి సామాను విప్పాము. ఆత్రేయపురం పూతరేకులు ఆరు డబ్బాలు తీసుకువెళ్ళాము. తువ్వాళ్ళలో చుట్టి, బట్టల మధ్య కదలకుండా బిగించి సర్దినవి. ఒక్క రేకు కూడా విరగలేదు. పూతరేకులపై ఉన్న జాగ్రత్త మనవడిపై లేకపోయిందే అన్న బాధ మమ్మల్ని నేటికీ వదలలేదు.

చేతులు ఎందుకు ఆపలేవు

"నేను గట్టిగా పట్టుకుంటాను" అనని తల్లి లేదు. ఆ ప్రేమలో లోపం లేదు. లోపం లెక్కలో ఉంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న కారు దేనినైనా ఢీకొని సెకనులో పదవ వంతు కాలంలో ఆగిపోయిందనుకుందాం. కారు ఆగుతుంది గాని, లోపల ఉన్నవారి శరీరాలు అదే వేగంతో ముందుకు పోతూనే ఉంటాయి. ఆ క్షణంలో 5 కిలోల బిడ్డను ఆపడానికి దాదాపు 70 కిలోల బరువును నిలబెట్టేంత బలం కావాలి. మన డెల్టాలో ధాన్యపు బస్తా 75 కిలోలు. లారీ మీద నుంచి విసిరిన బస్తాను ఒడిలో కూర్చోబెట్టుకుని పట్టగల తల్లి ఎవరైనా ఉంటారా? పైగా ఆ దెబ్బ వచ్చేది ముందుగా చెప్పి కాదు. మా విషయంలో ఢీకొనడం కూడా జరగలేదు, ఒక్క బ్రేకుకే చేతులు వదిలాయి.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. బెల్టు పెట్టుకోని తల్లి తానే ముందుకు పడుతుంది. అప్పుడు ఆమెకూ ముందు సీటుకూ మధ్య నలిగేది ఒడిలోని బిడ్డే. తననూ బిడ్డనూ కలిపి ఒకే బెల్టులో చుట్టుకుంటే ఇంకా ప్రమాదం. తల్లి శరీరపు బరువంతా ఆ బెల్టు ద్వారా బిడ్డ పొట్టపై పడుతుంది. ముందు సీటులో బిడ్డను ఎత్తుకుని కూర్చుంటే, ఎదురుగా ఎయిర్‌బ్యాగు తెరుచుకునే వేగమే పసితలకు చాలినంత దెబ్బ. మెడకు, భుజానికి కట్టుకునే బేబీ క్యారియరు సంచి నడకకు పనికివస్తుందే గాని, కారులో అది సీటు కాదు.

సరైన సీటు వాడితే పసిపిల్లల మరణాలు 71 శాతం వరకు తగ్గుతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇంతటి మేలు చేసే మందు ఏదైనా ఉందంటే మనం ఎంత దూరమైనా వెళ్ళి తెచ్చుకోమా?

తవక్కుల్ అంటే ఏమిటి

"అల్లాహ్ కాపాడతాడు, ఏమీ కాదు" అన్న మాట మన ఇళ్ళలో తరచుగా వినబడుతుంది. కాపాడేవాడు ఆయనే, సందేహం లేదు. కాని ఒంటెను కట్టాలా, వదిలేసి అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన మనిషికి దైవప్రవక్త ముహమ్మద్ (స) ఏమి బోధించారో మన పిల్లలకు కూడా తెలుసు. ముందు కట్టాలి, ఆ తరువాత భారం వేయాలి. ప్రయాణపు దుఆ చదవడానికి, బిడ్డ పట్టీలు బిగించడానికి పోటీ లేదు. రెండూ ఒకే బాధ్యతలోని భాగాలు. సంతానం మనకు అప్పగించబడిన అమానతు. అమానతును ఎలా చూసుకున్నామని అడిగినప్పుడు మన ప్రేమ ఎంతటిదో చెబితే సరిపోదు.

ఈ విషయంలో మన గోదావరి నేర్పిన పాఠం ఒకటి ఉంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకు బయలుదేరిన రాయల్ వశిష్ఠ బోటు కచ్చులూరు వద్ద మునిగింది. అందులో ఉన్న 77 మందిలో ప్రాణాలతో బయటపడినవారు 26 మంది మాత్రమే. బోటులో లైఫ్ జాకెట్లు లేక కాదు. ఉక్కపోతగా ఉందని, భోజనాల వేళ అయిందని చాలామంది వాటిని తీసి పక్కన పెట్టారని బయటపడినవారు చెప్పగా మనం విన్నాము. రక్షణ ఇచ్చే వస్తువు ప్రమాదానికి ముందే ఒంటిమీద ఉండాలి. ప్రమాదం కనబడ్డాక తొడుక్కోవడానికి వ్యవధి ఉండదు. కారులోనైతే ఆ వ్యవధి ఒక్క రెప్పపాటు కూడా కాదు.

చట్టం ఎక్కడ ఎలా ఉంది

ఎమిరేట్సులో 2017 జూలై 1 నుంచి నాలుగేళ్ళ లోపు పిల్లలకు కారులో ప్రత్యేక సీటు తప్పనిసరి. లేకుంటే 400 దిర్హాముల జరిమానా. పదేళ్ళ లోపు పిల్లలను, 145 సెంటీమీటర్ల ఎత్తు లేనివారిని ముందు సీటులో కూర్చోబెట్టరాదు. మన దేశంలో కూడా 2019 నాటి మోటారు వాహనాల సవరణ చట్టం ప్రకారం 14 ఏళ్ళ లోపు పిల్లలకు బెల్టు గాని, వయసుకు తగిన సీటు గాని లేకుండా వాహనం నడిపితే 1,000 రూపాయల జరిమానా ఉంది.

టాక్సీల విషయానికి వచ్చేసరికి చాలా దేశాలు మినహాయింపు ఇచ్చాయి. బ్రిటనులో టాక్సీలో తగిన సీటు లేకపోతే మూడేళ్ళ లోపు బిడ్డ వెనుక సీటులో బెల్టు లేకుండానే ప్రయాణించవచ్చు. సింగపూరులో 1.35 మీటర్ల లోపు ఎత్తు ఉన్న పిల్లలకు సీటు కావాలి, కాని టాక్సీలకు ఆ నిబంధన వర్తించదు. అదే ఊరిలో యాప్‌లో పిలిచే ప్రైవేటు కారుకు మాత్రం వర్తిస్తుంది. న్యూయార్కు టాక్సీలకు కూడా మినహాయింపే. తల్లిదండ్రులు తమ సీటు తెచ్చుకుని బిగించుకోవచ్చు.

ఈ మినహాయింపును చూసి, టాక్సీలో ప్రమాదం తక్కువేమోనని కొందరు భ్రమపడతారు. ప్రతి టాక్సీ అన్ని వయసుల పిల్లలకు సీట్లు మోసుకు తిరగలేదు కనుక ప్రభుత్వాలు డ్రైవరుకు జరిమానా నుంచి వెసులుబాటు ఇచ్చాయి, అంతే. రోడ్డుపై తగిలే దెబ్బకు అది సొంత కారో, టాక్సీయో తెలియదు. కాబట్టి చట్టం అడుగుతుందా లేదా అన్నది మనకు రెండవ ప్రశ్న. బిడ్డ దేనిలో కూర్చుంటుంది అన్నదే మొదటి ప్రశ్న.

బయలుదేరే ముందు

ఏడాది లోపు బిడ్డకు కావలసినది వెనుకకు తిరిగి ఉండే సీటు. అంటే బిడ్డ ముఖం కారు వెనుక అద్దం వైపు, వీపు డ్రైవరు వైపు ఉంటాయి. చూడటానికి వింతగా ఉన్నా దీనికి బలమైన కారణం ఉంది. పుట్టిన బిడ్డ పొడవులో నాలుగవ వంతు తలే. మెడ ఎముకలు ఇంకా గట్టిపడి ఉండవు. ముందుకు తిరిగి కూర్చున్న బిడ్డకు కుదుపు వస్తే ఆ బరువైన తల విసురుగా ముందుకు పోయి, లేత మెడపై భారమంతా పడుతుంది. వెనుకకు తిరిగి ఉంటే ఆ విసురును సీటు వీపు మొత్తం పంచుకుని, తలను, మెడను, వీపును ఒకేసారి కాస్తుంది. యూరపులోని కొత్త ప్రమాణం ప్రకారం కనీసం 15 నెలల వరకు ఇలాగే కూర్చోబెట్టాలి.

చేతిపిడి ఉండి బుట్టలా ఎత్తుకువెళ్ళగలిగే శిశు సీట్లు టాక్సీ ప్రయాణాలకు అనువైనవి. వీటిలో చాలావాటిని అడుగుపీట లేకుండానే కారులోని మామూలు బెల్టుతో బిగించవచ్చు. కొనే ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోండి. గల్ఫుకు, యూరపుకు వెళ్ళేవారు సీటుపై నారింజ రంగు చీటీ, దానిపై వలయంలో 'ఈ' అన్న ఆంగ్ల అక్షరం ఉన్నాయేమో చూడాలి. అమెరికా, ఆస్ట్రేలియాలకు వారి సొంత ప్రమాణాలు ఉన్నాయి. ఇక్కడ కొన్న సీటు అక్కడి చట్టానికి చెల్లదు కనుక, కూతురి కాన్పుకు డల్లాసుకో న్యూజెర్సీకో వెళ్ళే నానీలు అక్కడే కొనిపించడం మేలు. ఎవరో వాడిన పాత సీటు తీసుకోవలసి వస్తే, అది ఎన్నడూ ప్రమాదానికి గురి కాలేదని ఖాయంగా తెలిసిన ఇంటి నుంచే తీసుకోండి. వెనుక ముద్రించిన గడువు తేదీ కూడా చూడండి.

చాలా విమాన సంస్థలు పసిబిడ్డ కారు సీటును అదనపు రుసుము లేకుండా సామానులో తీసుకువెళతాయి. టికెట్టు కొనేటప్పుడే ఈ సంగతి అడగండి. గట్టి అట్టపెట్టెలోనో మందపు సంచిలోనో పెట్టి ఇవ్వండి.

అన్నిటికన్నా ముఖ్యం సాధన. సీటు కొన్న పెట్టెను మూసిన పెట్టెలాగే విదేశానికి తీసుకువెళ్ళి, అర్ధరాత్రి టాక్సీ పక్కన నిలబడి, ఏడుస్తున్న బిడ్డను ఎత్తుకుని, సూచనల కాగితం చదవడం అయ్యే పని కాదు. బంధువుల కారులోనో అద్దె కారులోనో ఇంటి దగ్గరే రెండు మూడుసార్లు బిగించి, విప్పి చూడండి. తల్లికే కాదు, వెంట వెళ్ళే పెద్దలకు కూడా అది చేతనై ఉండాలి. 'ఈ' గుర్తు ఉన్న సీట్లలో వెనుకకు తిరిగే సీటుకు బెల్టు పోవలసిన దారిని నీలిరంగుతో చూపిస్తారు. బిగించిన తరువాత బెల్టు దారి వద్ద పట్టుకుని ఊపితే అంగుళానికి మించి కదలకూడదు.

టాక్సీ పిలిచేటప్పుడు

విమానం దిగాక వెతుక్కోవడం కంటే ముందే మాట్లాడి పెట్టుకోవడం మంచిది. కొన్ని నగరాలలో ఊబర్, కరీం వంటి యాప్‌లలోనే పిల్లల సీటు ఉన్న కారును ఎంచుకునే వీలుంది. అయితే ఆ సీటు ఏ వయసుకు పనికివస్తుందో చదవాలి. ఏడాది నిండినవారికి ఉద్దేశించిన, ముందుకు తిరిగిన సీటు ఐదు నెలల బిడ్డకు పనికిరాదు. ఫోనులో మాట్లాడేటప్పుడు "బిడ్డ ఉంది" అని మాత్రమే చెప్పకుండా, నెలలు, బరువు చెప్పి, వెనుకకు తిరిగే సీటు ఉందా అని స్పష్టంగా అడగండి.

కారు వచ్చాక మూడు విషయాలు చూడాలి. వెనుక సీటులో భుజం మీదుగా వచ్చే బెల్టు ఉందా? దాని బకిల్ సీటు కవరు కింద పూడిపోకుండా పైకి ఉందా? బెల్టు లాగితే గట్టిగా పట్టుకుంటుందా? ఇవి లేకపోతే ఆ కారు మనకు కాదు. సలాం చెప్పి, మర్యాదగా వద్దని, మరొక కారు పిలవండి. సీటు బిగించడానికి ఐదు నిమిషాలు పడుతుందని డ్రైవరు సోదరునికి ముందే చెప్పండి. "భాయ్, కొంచెం ఆగండి, బిడ్డను కట్టుకుంటాము" అంటే కాదనే మనిషి అరుదు. ఆ ఐదు నిమిషాలకు మీటరు తిరిగితే ఆ సొమ్ము సంతోషంగా ఇవ్వండి. మనవారిలో చాలామందికి అడ్డం వచ్చేది డబ్బు కాదు, మొహమాటం. అవతలివాడు విసుక్కుంటాడేమోనన్న మొహమాటంతో మనం బిడ్డ ప్రాణాన్ని పణంగా పెట్టడం తగదు.

ముందు సీటులో, పని చేస్తున్న ఎయిర్‌బ్యాగు ఎదురుగా, వెనుకకు తిరిగిన సీటును ఎట్టి పరిస్థితిలోనూ బిగించవద్దు. వెనుక వైపు మాత్రమే బిగించాలి. పట్టీలు బిడ్డ భుజాల ఎత్తులో గాని, కొంచెం కిందుగా గాని రావాలి. భుజం దగ్గర పట్టీని వేళ్ళతో చిటికె పట్టి చూస్తే మడత దొరకకూడదు. తల గుండెమీదకు వాలిపోకుండా, ఊపిరికి అడ్డు లేకుండా సీటు తగినంత వాలుగా ఉండాలి.

దారిలో

తల్లులు మాతో తరచుగా చెప్పే ఇబ్బంది పాలు పట్టడం. విమానాశ్రయపు రద్దీలో కంటే బురఖా చాటున టాక్సీ వెనుక సీటే మరుగుగా ఉంటుందని, అందుకే కారు ఎక్కగానే బిడ్డను ఒడిలోకి తీసుకుంటామని అంటారు. ఈ ఇబ్బంది నిజమైనదే. కాని కదిలే కారులో పాలు పట్టడమంటే బిడ్డను పట్టీల నుంచి విడిపించడమే. దీనికి మార్గం ముందే ఆలోచించాలి. పెద్ద విమానాశ్రయాలలో పసిబిడ్డల గది ఉంటుంది, గల్ఫులోనైతే స్త్రీల నమాజు గది తప్పక ఉంటుంది. సామాను వచ్చేలోగా అక్కడ కూర్చుని కడుపునిండా పాలు పట్టి, బట్ట మార్చి, ఆ తరువాతే కారు ఎక్కండి. దుబాయిలో స్త్రీలు నడిపే గులాబి రంగు కప్పు టాక్సీలు ఉన్నాయి. తండ్రి వెంట లేని తల్లికి అవి మరింత నిశ్చింత. దారిలో బిడ్డ ఏడిస్తే కారును తగిన చోట ఆపించండి. ఆగిన కారులో ఎత్తుకోండి, పాలు పట్టండి, మళ్ళీ కట్టిన తరువాతే కదలమనండి. ఏడుపు వినలేక కదులుతున్న కారులో పట్టీలు విప్పడమే చాలామంది చేసే పొరపాటు.

బిడ్డ మెడలో నల్లతాడు గాని, తావీజు దారం గాని, పాలపీక దారం గాని ఉంచవద్దు. పట్టీలలో చిక్కుకుని మెడకు బిగిసే ప్రమాదం ఉంది. బొంత చుట్టి దానిపై పట్టీలు వేస్తే, బొంత మందమంతా కుదుపులో నొక్కుకుపోయి పట్టీలు వదులవుతాయి. చలి దేశాలలో మందపు కోటు సంగతి కూడా ఇంతే. ముందు పట్టీలు బిగించి, ఆపైన దుప్పటి కప్పాలి. ఎండ తగులుతుందని సీటు మొత్తాన్ని దుపట్టాతో మూసివేయవద్దు, లోపల గాలి ఆడదు. గల్ఫు ఎండలో బకిల్ లోహం కాలిపోతూ ఉంటుంది, చేత్తో తాకి చూసిన తరువాతే బిడ్డను కూర్చోబెట్టండి. సామాను దించే హడావిడిలో నిమిషమైనా బిడ్డను కారులో ఒంటరిగా వదలకండి. మూసిన కారు పది నిమిషాలలోనే 10 డిగ్రీలకు పైగా వేడెక్కగలదు, పసి శరీరం పెద్దలకంటే ఎన్నో రెట్లు త్వరగా వేడెక్కుతుంది.

సీటులో నిద్రపోయిన బిడ్డను ఇల్లు చేరాక కూడా అందులోనే పడుకోబెట్టడం మంచిది కాదు. మెడ వాలి ఊపిరికి అడ్డం కావచ్చు. మొదటి వారాల బిడ్డను అరగంటకోసారి బయటికి తీయాలి. దూర ప్రయాణాలలో కాస్త పెద్ద బిడ్డకు కూడా మధ్యమధ్య విశ్రాంతి ఇవ్వాలి.

సీటు దొరకనప్పుడు

ఎంత ప్రయత్నించినా సీటు లేని పరిస్థితి రావచ్చు. అప్పుడు కారే ఎక్కాలా అని ముందు ఆలోచించాలి. దుబాయి, దోహా విమానాశ్రయాల నుంచి మెట్రో ఉంది. లండను హీత్రో నుంచి రైళ్ళు ఉన్నాయి. పసిబిడ్డతో ఉమ్రాకు వెళ్ళేవారికి ఒక మంచి మార్గం హరమైన్ రైలు. 2018 అక్టోబరు నుంచి నడుస్తున్న ఈ రైలు 450 కిలోమీటర్ల మార్గంలో మక్కా, జిద్దా, జిద్దా విమానాశ్రయం, మదీనాలను కలుపుతుంది. మక్కా నుంచి మదీనాకు ఎడారి రహదారిపై టాక్సీలో గంటల తరబడి బిడ్డను ఒడిలో పట్టుకోవడం కంటే రైలు ఎంతో సురక్షితం. స్టేషను నుంచి బసకు పోయే కొద్ది దూరానికి మాత్రం సీటు అవసరం తీరదు. రైలు వేళలు కుదరకపోతే, సీటు ఉన్న కారు వచ్చేవరకు గంటసేపు కూర్చోవడం నష్టం కాదు.

ఏ దారీ లేక ఎక్కవలసి వస్తే, వెనుక సీటులోనే కూర్చోండి. పెద్దలందరూ బెల్టులు పెట్టుకోండి, బిడ్డను బెల్టు లోపల చేర్చకండి, నెమ్మదిగా పొమ్మని డ్రైవరుకు చెప్పండి. అయితే ఇది రక్షణ అని భ్రమపడకండి. ఇది గత్యంతరం లేనప్పటి మాట మాత్రమే, అలవాటు కారాదు.

ప్రయాణం మన వాకిట్లోనే మొదలవుతుంది

విదేశంలో చట్టానికి భయపడి సీటు వాడినవారు కూడా స్వదేశంలో దిగగానే దానిని డిక్కీలో పడేయడం చూస్తున్నాము. మన ప్రయాణంలో అతి పొడవైన రోడ్డు దుబాయిలో లేదు. రాజమండ్రి నుంచి శంషాబాదు విమానాశ్రయానికి కారులో పోతే 400 కిలోమీటర్లకు పైగా దూరం. రావులపాలెం దాటాక లారీల వరుసలు, రాత్రి ప్రయాణం, నిద్ర కళ్ళ డ్రైవరు - ఆ దారి ఎలా ఉంటుందో మనకు కొత్త కాదు. గాలి తగులుతుందని బాలింతను, బిడ్డను ముందు సీటులో కూర్చోబెట్టడం మన మర్యాద. ఆ మర్యాద మానుకోవాలి. సీటు మొదటిసారి బిగించవలసింది మన ఇంటి వాకిట్లో, విదేశంలో కాదు. రైలులో పోగలిగితే ఇంకా మంచిది.

పెద్దలకు ఒక మాట

"మేము పదిమందిని ఒడిలోనే పెంచాము, ఎవరికేమైంది?" అని దాదీలు, నానీలు అంటారు. వారి కాలంలో ప్రయాణం ఎడ్లబండి మీద, పడవ మీద, నిదానంగా పోయే బస్సు మీద. ఆ వేగాలకు ఒడి సరిపోయింది. నేటి వేగాలకు సరిపోదు. ఈ మాట వారికి చెప్పవలసినది కోడలు కాదు, కొడుకు. కోడలు చెబితే అది ఎదురు మాట అవుతుంది, కొడుకు చెబితే వింటారు. ఇంకా మంచిది, మాలాంటి పెద్దలే ముందుగా చెప్పడం. ఆనాడు ఫోనులో అల్లుని మాటను మేము కొట్టివేయకుండా ఉంటే ఆ రాత్రి వచ్చేదే కాదు.

ఆ తరువాత మా పెద్దబ్బాయికి కూతురు పుట్టింది. అఖీఖాకు ఎవరు ఏమి తేవాలన్న మాట వచ్చినప్పుడు వెండి గిన్నె, వెండి గజ్జెలు వద్దన్నాము. ఆ సొమ్ము కలిపి ఒక సీటు కొన్నాము. వాకిట్లో అద్దె కారు నిలిపించి, ఇంట్లో ఉన్న నలుగురం వంతులవారీగా దానిని బిగించడం నేర్చుకున్నాము. పక్కింటివారు నవ్వారు, మేమూ నవ్వాము. ఊయల పుట్టింటి కానుకగా ఇచ్చే ఆచారం మన ఇళ్ళలో ఉన్నది కదా. దూరదేశం వెళ్ళబోయే బిడ్డకు ఊయలతోపాటు ఈ సీటు కూడా నానా నానీల కానుక కావాలని, ఇది చదివే ప్రతి ఇంటినీ కోరుతున్నాము.

షార్జా మనవడికి ఇప్పుడు మాటలు బాగా వచ్చాయి. సెలవులకు వచ్చినప్పుడు కారు ఎక్కగానే, తన పట్టీలు తానే పెట్టుకుని, మా బెల్టులు పెట్టుకున్నామా లేదా అని వెనుకకు తిరిగి చూస్తాడు. అల్హందులిల్లాహ్.